కుదురులేని బిడ్డకు ఇంటి చదువు

మన ఇండ్లలో పిల్లలను గురించి చెప్పుకొనేటప్పుడు రెండు మాటలు తరచుగా వినిపిస్తుంటాయి. "మావాడు బుద్ధిమంతుడండీ, కూర్చున్నచోటు నుండి కదలడు" అనేది ఒకటి. "మావాడికి కాలు నిలువదండీ, కాలుకాలిన పిల్లివలె తిరుగుతాడు" అనేది రెండవది. మొదటి మాట చెప్పే తల్లి ముఖంలో తృప్తి ఉంటుంది. రెండవ మాట చెప్పే తల్లి ముఖంలో దిగులు ఉంటుంది. కదలకుండా కూర్చొనడానికీ బుద్ధికీ ఉన్న సంబంధమేమిటని, 30 ఏండ్లకు పైగా ఉపాధ్యాయుడుగా పనిచేసిన నేను ఏనాడూ ఆలోచించలేదు. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కడు కదిలితే పాఠం చెదిరిపోతుంది. కావున కదలనివాడే మంచి విద్యార్థి అని నమ్మాను. ఆ నమ్మకాన్ని సడలించినది ఏ శిక్షణ కళాశాలయో, ఏ గ్రంథమో కాదు. తొమ్మిదేండ్ల మా మనుమరాలు.

2020 మార్చిలో కరోనా వ్యాధివల్ల దేశమంతటా బడులు మూతపడినవి. మన రాష్ట్రంలో నడుమ కొన్ని నెలలు తెరిచి, 2021 వేసవిలో మరల మూసి, ఆ సంవత్సరం ఆగస్టు 16న తిరిగి తెరిచారు. ఇంటివద్దనే బిడ్డలకు చదువు చెప్పుకొనడమనేది ఏ విదేశంలోనో, ఏ మహానగరంలోనో కొందరు తల్లిదండ్రులు కోరి ఎంచుకొనే పద్ధతి అని అంతవరకు వినేవారము. ఆ కాలంలో అది మా దర్శి వంటి ఊరిలో కూడా ప్రతి గడపకూ పిలువని పేరంటమై వచ్చినది. దూరదర్శన్, ఆకాశవాణి పాఠాలు ప్రసారం చేసినవి. ఫోను ఉన్న ఇండ్లలో ఫోనులో పాఠాలు విన్నారు. కుదురుగల పిల్లలకు ఇవి కొంత ఉపకరించినవి. కుదురులేని బిడ్డ ఉన్న ఇంటిలో ఏమి జరిగినదో నేను చూసినంతవరకు మనవి చేస్తాను.

నేను మొదట చేసిన పని బడిని ఇంటికి తీసికొని రావడం. వసారాలో ఒక బల్ల వేశాను. గోడకు కాలపట్టిక అంటించాను. తొమ్మిది గంటలకు తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి పరిసరాల విజ్ఞానం. పూజగదిలోని గంటను తెచ్చి మ్రోగించేవాడిని. మా మనుమరాలు పది నిమిషాలు కూర్చొనేది. "తాతయ్యా, నీళ్ళు తాగివస్తాను" అని లేచేది. ఆపైన ఆమెను పట్టుకొనడం నా తరమయ్యేది కాదు. ఒకనాడు వేపచెట్టు మీద, ఒకనాడు మిద్దె మీది పిట్టగోడ మీద, ఒకనాడు ప్రక్కింటివారి గేదెల కొట్టంలో దొరికేది. "ఆడపిల్లకు ఇంత దూకుడేమిటండీ?" అని ఆమె నాయనమ్మ నన్నే అడిగేది. మగపిల్లవాడైతే ఈ ప్రశ్న పుట్టేది కాదన్న సంగతి ఆనాడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ సంవత్సరం వానకాలంలో సాగర్ కాలువకు నీరు వదిలిన దినాలలో, ఒక ఉదయం ఆమె ఎక్కడా కనిపించలేదు. ఇంటిల్లిపాదీ వెదికాము. గంటన్నర తరువాత ఊరి వెలుపల కాలువగట్టున ఒంటరిగా నడిచిపోతూ కనబడినది. కాలువ నిండుగా ప్రవహిస్తున్నది. కాలు జారితే పట్టుకొనడానికి అక్కడ గడ్డిపోచ కూడా లేదు. నేను పరుగెత్తి వెళ్ళి, జబ్బ పట్టి లాగి, చెంప మీద కొట్టాను. "ఎక్కడికే?" అన్నాను. ఏడుస్తూనే చెప్పినది: "ఈ నీళ్ళు ఎక్కడినుండి వస్తున్నాయో చూసి వద్దామని పోతున్నాను తాతయ్యా. ఆ మలుపు దాటితే కనబడుతుందనుకొన్నాను."

ఇంటికి వచ్చిన తరువాత రెండు దినాలు ఆమె కదలలేదు. గంట మ్రోగితే బల్లవద్దకు వచ్చినది. చెప్పినది వ్రాసినది. ప్రశ్న వేయలేదు. నేను ముప్పది ఏండ్లు మెచ్చుకొన్న బుద్ధిమంతురాలైన విద్యార్థిని నా ఎదుట కూర్చొని ఉన్నది. ఆమెను చూస్తే నాకు భయం వేసినది. కాలువ ఎక్కడ పుట్టుతున్నదని నడుము కట్టి బయలుదేరిన బిడ్డకు నేను ఇచ్చిన సమాధానం ఒక చెంపదెబ్బ. భూగోళ పాఠం తనంతట తానుగా బయలుదేరి కాలువగట్టున నడుస్తుంటే, నేను దానిని పట్టి తెచ్చి బల్లకు కట్టివేశాను.

ఇది నా ఒక్కనిలో ఉన్న దోషం కాదు. దీనికి చాలా పాత చరిత్ర ఉన్నది. 1822లో మద్రాసు గవర్నరు తామస్ మన్రో, తన పాలనలోని జిల్లాలలో దేశీయ విద్య ఎట్లున్నదో విచారించి తెలుపవలసినదని కలెక్టర్లను ఆదేశించాడు. మరుసటి సంవత్సరం బళ్ళారి కలెక్టరు కాంబెల్ పంపిన నివేదికలో మన వీధిబడుల వర్ణన ఉన్నది. ఉదయం అందరికంటే ముందు వచ్చిన బాలుని అరచేతిలో గౌరవచిహ్నంగా సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న. మూడవవాని నుండి బెత్తపుదెబ్బలు ఒక్కొక్కటిగా పెరిగేవి. అల్లరివానిచేత గుంజిళ్ళు తీయించేవారు. మరీ మాట విననివాని చేతులు కట్టి ఇంటికప్పు నుండి వ్రేలాడదీసేవారు. మన పెద్దలు కోదండమని చెప్పుకొన్న శిక్ష ఇదే. కదిలే కాళ్ళను నేలకు అందకుండా చేయడమే దాని ఉద్దేశమేమో అనిపిస్తుంది.

అయితే ఆ బడులలో మంచి లేదనరాదు. ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దించేవారు. ముందు నేర్చినవానిచేత వెనుక వచ్చినవానికి చెప్పించేవారు. ఈ రెండవ పద్ధతిని కాంబెల్ మెచ్చుకొన్నాడు. ఆ విచారణలోనే మరొక ఆసక్తికరమైన సంగతి బయటపడినది. మద్రాసు నగరంలో ఇండ్లవద్దనే చదువుకొనే పిల్లల సంఖ్య, బడులకు పోయేవారికంటే సుమారు ఐదు రెట్లు అని అక్కడి లెక్క. ఆ అంకెలో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే 1826లో సందేహించాడు. పొరపాటును తీసివేసినా, తండ్రి వద్దనో, బంధువు వద్దనో, ఇంటికి వచ్చే అయ్యవారి వద్దనో చదువుకొనడం ఆనాడు వింత కాదని తెలుస్తున్నది. ఇంటి చదువు మనకు కొత్తది కాదు. మనకు కొత్తగా కావలసినది, ఇంటిలోనైనా బెత్తంలేని చదువు.

ఆ మాట మన భాషలో గట్టిగా చెప్పినవాడు చలం. ఆయన స్వయంగా ఉపాధ్యాయుడు, పాఠశాలల పరీక్షాధికారి. లోపలనుండి చూచినవాడు గనుకనే "బిడ్డల శిక్షణ" అనే పుస్తకంలో దండనను, భయపెట్టడాన్ని అంత తీవ్రంగా నిరసించాడు. వారి అభిప్రాయాలన్నిటితో ఏకీభవించనివారు కూడా భయం విద్యకు పునాది కాదన్న ఈ ఒక్క విషయంలో కాదనలేరు.

మూడవనాడు నేను కాలపట్టికను గోడమీది నుండి తీసివేశాను. మనుమరాలిని పిలిచి, "కాలువ ఎక్కడ పుట్టుతున్నదో కనుక్కుందాం, రా" అన్నాను. రాష్ట్రపటం నేలమీద పరిచాము. నాగార్జునసాగరం ఎక్కడ ఉన్నదో వెదికినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేశారని, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారని చెప్పాను. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు. దాని పొడవు 203 కిలోమీటర్లు. "నీవు గంటకు మూడు కిలోమీటర్లు నడుస్తావనుకో. దినానికి ఐదు గంటలు నడిస్తే కాలువ ఈ చివరనుండి ఆ చివరకు ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాను. భాగహారమంటే పారిపోయే పిల్ల ఆనాడు నేలమీద బోర్లా పడుకొని లెక్క కట్టినది. పదమూడు దినాలు గడిచి పదునాల్గవ దినాన మధ్యాహ్నానికి చేరుతానని చెప్పినది. "అన్నం మూట ఎన్ని పూటలకు కట్టాలి?" అన్నది తరువాతి ప్రశ్న. అది నేను వేసినది కాదు.

అప్పటినుండి మాకు ఒక క్రమం ఏర్పడినది. ఉదయపు చల్లదనంలో కాళ్ళకు పని. ఎండ పెరిగిన తరువాత పుస్తకానికి పని. బయట చూచినదానిని ఇంటికి తెచ్చి కొలవడం, గీయడం, వ్రాయడం. తోసేవారు లేకుండా నీరు అన్ని మైళ్ళు ఎట్లా వస్తున్నదని ఆమె అడిగితే, మేస్త్రీలు వాడే సన్నని నీటిగొట్టం తెచ్చాను. దాని రెండు కొనలలోనూ నీరు ఒకే మట్టాన నిలుస్తుందని చూపాను. ఆ గొట్టంతోనే మా పెరటి వాలు కొలిచాము. గజాలబద్ద, త్రాడు, నీటిగొట్టం, ఒక నోటుపుస్తకం - మా ప్రయోగశాల ఇంతే. ఇందులో డబ్బు పెట్టి కొనవలసినవి ఎక్కువ లేవు.

మా ప్రాంతం చూడటానికి ఎండుగా కనిపిస్తుంది. కాని తిరిగే కాళ్ళకు ఇది గొప్ప పాఠశాల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు దర్శి నెల్లూరు జిల్లా నుండి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుండి వచ్చి ఇందులో చేరినవి. అటు నల్లమల, ఇటు మెట్టపొలాలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం మీదుగా, మార్కాపురం సీమ మీదుగా వచ్చి, దర్శికి ఉత్తరాన సాగి, అద్దంకి దాటి సముద్రంలో కలుస్తుంది. ఒక్క నదిని పట్టుకొని నడిస్తే భూగోళమూ చరిత్రా రెండూ ఎదురువస్తాయి. కంభం వద్ద రెండు కొండల నడుమ ఆ నదికి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన చెరువుకట్ట నేటికీ నిలిచి ఉన్నది. నీటిపారుదల ప్రపంచ వారసత్వ కట్టడంగా దానికి 2020లో గుర్తింపు వచ్చినది. ఇల్లు కదలరాదన్న ఆ దినాలలో ఈ వార్త పత్రికలో చదివి మా మనుమరాలు దానిని చూడవలసిన చోటుల పట్టికలో మొదట వ్రాసికొన్నది.

త్రాగే నీరు కూడా పాఠమే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము మించినచో త్రాగరాదని ప్రమాణం. మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగితే పండ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకొనిపోతాయి. "మన బోరు ఉండగా బిందె తీసికొని కుళాయి దగ్గరకు ఎందుకు పోతున్నాము?" అన్న ప్రశ్నకు రసాయన శాస్త్రమూ, శరీర శాస్త్రమూ కలిపి సమాధానం చెప్పవలసి వచ్చినది. పాఠ్యపుస్తకంలో ఈ విషయం ఒక పేరా. తన ఊరి ముసలివారి వంగిన నడుములను చూచిన బిడ్డకు అది మరపురాని సంగతి.

ఇక ప్రమాదం మాట. సాహసమంటే ఇష్టపడే బిడ్డ ఉన్న తల్లికి కంటిమీద కునుకు ఉండదు. బావులున్నవి, కాలువ ఉన్నది, రాతిగనుల గుంటలలో నిలిచిన నీరున్నది, పాములున్నవి. బిడ్డను గదిలో పెట్టి తలుపు వేయడం ఒక ఉపాయం. కాని తలుపు తెరిచిన నాడు ఆ బిడ్డకు ఏమీ తెలియదు. మేము రెండవ ఉపాయం ఎంచుకొన్నాము. మా బంధువుల దిగుడుబావిలో వీపుకు బెండ్లు కట్టి ఈత నేర్పించాము. బావిలో ఒకరు, గట్టున ఒకరు పెద్దవారు ఉండవలెననేది నియమం. రెండు నెలలలో బెండ్లు ఒక్కొక్కటే విప్పివేశాము. ఈత వచ్చిన తరువాత ఆమె మునుపటికంటే కాలువను ఎక్కువ గౌరవించినది. నిలిచిన నీటికీ పారే నీటికీ ఉన్న తేడాను ఆమె ఒడలికి తెలిపినది ఆ ఈతే. ఈత వచ్చినా కాలువలో దిగరాదని చెప్పినప్పుడు ఎందుకని ఎదురడగలేదు.

పాములలో మన ప్రాంతంలో ప్రాణాపాయం కలిగించేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. బొమ్మలు చూపి వాటిని గుర్తించడం నేర్పాము. కరిస్తే పరుగెత్తరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా కట్టు బిగించరాదు, ఆ అవయవాన్ని కదల్చకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను, విరుగుడు మందు అక్కడే ఉంటుంది. ఈ నాలుగు మాటలు పిల్లలు మాకంటే బాగా జ్ఞాపకం పెట్టుకొన్నారు. ధైర్యంగల బిడ్డకు "వద్దు" అనే మాటకంటే "ఇట్లా" అనే మాట ఎక్కువ రక్ష.

ఇంతమాత్రాన తిరుగుడే చదువు అని నేను అనడంలేదు. ఈ సందర్భంలో గాంధీజీ అనుభవం తలచుకొనదగినది. 1910లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ సమీపాన టాల్‌స్టాయ్ క్షేత్రం నెలకొల్పినప్పుడు, అక్కడి పిల్లలకు ఆయన తానే చదువు చెప్పారు. తోటపని, చెప్పులు కుట్టడం, వంట - ఇవన్నీ చదువులో భాగమే. పాఠ్యపుస్తకాల అవసరం తనకు అంతగా కనబడలేదని వ్రాసికొన్నారు. తన కుమారులను కూడా ఆయన బడులకు పంపలేదు. అయితే వారికి క్రమమైన పుస్తకవిద్య తగినంత ఇవ్వలేకపోయానని, ఆ విషయంలో తనపై వారికి కొంత ఫిర్యాదు ఉండటం సహజమేనని ఆత్మకథలో ఆయనే ఒప్పుకొన్నారు. అంతటివాని ఇంటిలోనే ఈ కొరత మిగిలినదంటే మనబోటివారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

అందుచేత మేము రెండు అరగంటలు మాత్రం ఏనాడూ వదలలేదు. ఉదయం అరగంట బిగ్గరగా చదవడం, సాయంకాలం అరగంట ఎక్కాలు, లెక్కలు. వాన వచ్చినా, చుట్టాలు వచ్చినా, కాలు బెణికినా ఆ రెండు అరగంటలు జరుగవలసిందే. ఎగిరే గాలిపటానికి దారమెంతో వీటికి అంత విలువ. మొదట్లో ఆ అరగంటలో పదిసార్లు లేచేది. లేచి నడుస్తూ చదువుతానంటే నడవమన్నాను. వసారాలో అటూ ఇటూ నడుస్తూ ఆమె ఎక్కాలు వల్లించడం విని నాకు ఆశ్చర్యం కలిగినది. ముప్పది ఏండ్లు తరగతిలో అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పినవాడిని నేనే గదా! నాకు చెల్లినది వారికి ఎందుకు చెల్లదు?

మాకు తీరని లోటు ఒకటి కనబడినది. అది తోటిపిల్లలు. తాతతో కలిసి చేసే సాహసం ఎంతైనా తాతతో చేసే సాహసమే. వ్యాధి తీవ్రత తగ్గిన తరువాత ఇరుగుపొరుగు పిల్లలను నలుగురిని చేర్చాము. ముఖాలకు గుడ్డలు కట్టుకొని చెట్టు క్రింద కూర్చొనేవారు. పెద్దపిల్ల చిన్నవానికి చెప్పడం అక్కడ తనంతట తానే మొదలైనది. కాంబెల్ మెచ్చుకొన్న పద్ధతి ఇదే గదా అనుకొన్నాను. పిల్లలకు పిల్లలు కావాలన్న సంగతిని రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారు బాలానందం నడిపిన దినాలలోనే గ్రహించారు. పిల్లలను వినేవారుగా కూర్చుండబెట్టక, వారిచేతనే పాడించి ఆడించారు.

2021 ఆరంభంలో ప్రయాణాలకు వీలైనప్పుడు అందరమూ మార్కాపురం వెళ్ళాము. దేశంలోని బడిపిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దిన పలకలలో అధికభాగం అక్కడి గనులలోని రాతినుండి వచ్చినవే. నూరు కోట్ల ఏండ్లకు పూర్వపు బురద, పొరలు పొరలుగా పేరుకొని, ఒత్తిడికి గట్టిపడి పలకరాయి అయినది. ఉలి ఆనించి కొడితే పొర విడివడుతుంది. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. రాయి విడివడినప్పుడు లోపలి నునుపైన ముఖాన్ని లోకంలో మొట్టమొదట చూచినవారము మనమే అని చెప్పితే ఎవరికివారు తామే ముందు చూశామని పోట్లాడుకొన్నారు.

అక్కడ ఒక కఠినమైన సంగతి కూడా వారికి చెప్పవలసి వచ్చినది. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తులలో చేరి పనివారికి సిలికోసిస్ అనే నయంకాని వ్యాధి తెచ్చినది. ఒకప్పుడు ఆ పనిలో బాలలు కూడా ఉండేవారు. 1980 దశకం చివర కేంద్రప్రభుత్వం బాలకార్మికుల విముక్తికి ప్రత్యేక పథకాలు మొదట ఆరంభించిన చోటులలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఇతర పిల్లలు వ్రాసుకొనే పలకను తయారుచేసిన బిడ్డ తాను బడి ముఖం ఎరుగకపోయినది. ఆ మాట విన్న తరువాత తిరుగు ప్రయాణంలో పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంటి చదువు గురించి మాట్లాడే ప్రతివారూ ఈ సంగతిని మనసులో ఉంచుకొనవలెనని నా మనవి. తాత ఉన్న ఇంటిలో, తీరిక ఉన్న ఇంటిలో బడికి పోని బిడ్డ కాలువ పుట్టుక వెదుకుతుంది. తల్లిదండ్రులిద్దరూ కూలికి పోయే ఇంటిలో బడికి పోని బిడ్డ తమ్ముని ఎత్తుకొని కూర్చుంటుంది, లేదా మిరపకాయలు కోయడానికి పోతుంది. ఆడపిల్లయితే ఆమెకు పెళ్ళి మాటలు మొదలవుతాయి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏండ్ల బాలలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసినది ఇటువంటి బిడ్డలకోసమే. బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం చెబుతుంది. చేర్పించనివారికి శిక్ష మాత్రం అందులో లేదు. ఇంటి చదువును పేరుపెట్టి అది అనుమతించలేదు, నిషేధించనూ లేదు. బుద్ధిపూర్వకంగా ఇంటివద్దనే చదివించేవారి బిడ్డలకు, 14 ఏండ్లు నిండిన తరువాత సార్వత్రిక పాఠశాల ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాసే మార్గం ఉన్నది. 1989లో జాతీయ స్థాయిలోనూ, 1991లో మన రాష్ట్రంలోనూ ఇటువంటి సంస్థలు ఏర్పడినవి. ఆ దారి పట్టదలచినవారు రోజుకు ఎన్ని గంటలు బిడ్డకోసం ఇవ్వగలరో ముందుగా లెక్క చూచుకొనవలెను. బిడ్డ అల్లరి భరించలేక బడి మాన్పించడం వేరు. బిడ్డ చదువును తన భుజాన వేసికొనడం వేరు.

మరొక మాట. కాలు నిలువని ప్రతి బిడ్డకూ జబ్బు ఉన్నదనుకొనరాదు. జబ్బు ఉండనే ఉండదని కూడా అనుకొనరాదు. తనకు ఇష్టమైన పనిలోనైనా మనసు నిలుపలేక, నిద్ర చెడి, తోటివారితో కలియలేక బాధపడే బిడ్డను పిల్లల వైద్యునికి చూపించడం అవమానం కాదు. మా మనుమరాలు చీమల బారు వెంబడి గంటసేపు కదలకుండా కూర్చొనగలిగేది. ఆమెకు కుదురు లేదన్నది నిజం కాదు. నా బల్లవద్ద లేదు, అంతే.

2021 ఆగస్టులో ఆమె మరల బడికి పోయినది. ఆమె కుదురుగా కూర్చొనడం నేర్చినదని నేను చెప్పలేను. మొదటి నెలలోనే ఆమె మీద ఫిర్యాదు వచ్చినది. చేతివ్రాతలోనూ, వ్యాకరణంలోనూ కొంత వెనుకబడి ఉన్నది. అది నా బోధనలోని లోపం. కాని కొలతలు, పటాలు, లెక్కలు వచ్చినప్పుడు తరగతిలో చేయి ఎత్తేది ఆమె. ఇంటినుండి ఆమె బడికి తీసికొనిపోయినది పాఠాలు కావు, ప్రశ్నలడిగే అలవాటు. ఆమెకు ఓపికగా సమాధానం చెప్పిన ఉపాధ్యాయులు ఉన్నారు. వారికి మా ఇంటిల్లిపాదీ ఋణపడి ఉన్నాము.

తరువాతి సెలవులలో ఆమెను నాగార్జునసాగరం తీసికొనివెళ్ళాము. కుడికాలువకు నీరు వదిలే తూముల ఎదుట నిలబడి, తన నోటుపుస్తకం తీసి, ఆనాడు నేలమీద కట్టిన లెక్క క్రింద తేదీ వేసికొన్నది. "ఆ రోజు ఆ మలుపు దాటి ఉంటే ఇంకా ఎంత దూరం ఉండేదో ఇప్పుడు తెలిసింది తాతయ్యా" అన్నది. నేను ఆమెను కొట్టిన సంగతి ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పు చేశానని చెప్పాను. ఆ మాట నేను ఒక విద్యార్థికి చెప్పడం అదే మొదటిసారి.

ఇప్పుడు బడులు నడుస్తున్నవి. బిడ్డలను బడికే పంపుదాం. కాని బడి వదిలిన తరువాత ప్రతి ఇంటికీ ఒక సాయంకాలం ఉన్నది. ప్రతి వారానికీ ఒక ఆదివారం ఉన్నది. ప్రతి సంవత్సరానికీ ఒక వేసవి ఉన్నది. కాలు నిలువని మీ బిడ్డ ఈ సాయంకాలం గడప దాటబోతే, ఎక్కడికని గద్దించడానికి ముందు, ఏమి చూడటానికని అడగండి. వీలైతే చెప్పులు తొడుగుకొని వెంట నడవండి.